నీళ్లు పోసుకున్యావా పాపా?

1981 వైశాఖంలో నా పెళ్ళయింది. అనంతపురం జిల్లాలో అత్తారింట్లో నిద్రలేచిన మొదటి పొద్దున, పళ్ళు తోముకుని లోపలికొస్తుంటే మా అత్తయ్య ఎదురొచ్చింది. చుట్టాలు నలుగురు ఆడవాళ్ళు వసారాలో కూర్చునే ఉన్నారు. వాళ్ళందరి ముందూ అడిగింది: "నీళ్లు పోసుకున్యావా పాపా?"

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మా కోనసీమలో ఫలానా అమ్మాయి నీళ్ళోసుకుందిట అంటే కడుపుతో ఉందని అర్థం. నిన్న సాయంత్రం గడప దాటి లోపలికొచ్చిన పిల్లని ఇవాళ పొద్దున్నే అడిగే మాటేనా అది? తలొంచుకుని నిలబడిపోయాను. ఆవిడ మళ్ళీ అడిగింది. నేను ఇంకాస్త తలొంచాను. మా ఆడపడుచుకి ఏం అర్థమైందో ఏమో, నా భుజాన ఓ తువ్వాలు వేసి జాలాడి వైపు చెయ్యి చూపించింది. స్నానమయిందా అని అడుగుతున్నారని అప్పుడు తెలిసింది.

ఇది జరిగి నలభై ఏళ్ళు దాటింది. మావారి బ్యాంకు ఉద్యోగంలో బదిలీల మీద బదిలీలు. తిరిగిన ప్రతి ఊళ్ళోనూ అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్తే అందరూ ముందు వంటిల్లు చూస్తారు, నేను మాత్రం నీళ్ళెక్కడున్నాయో, స్నానం ఎక్కడ చెయ్యాలో చూస్తాను. ఆ అలవాటు మా అత్తయ్య వల్ల వచ్చింది. ఆవిడ గురించి రాయాలంటే ముందు మా కాలువ గురించి రాయాలి.

మా ఊరు అమలాపురానికి నాలుగైదు మైళ్ళు. ఇంటి ముందు మట్టిరోడ్డు, దాని పక్కనే కాలువ. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852కి పూర్తయింది. అక్కణ్ణించి పాయలు పాయలుగా కాలువల్లో బయల్దేరిన గోదావరి మా గుమ్మం ముందునించే పోయేది. ఊళ్ళో పంతులుగారు తెల్లవారుజామున రేవులో దిగి, కాటన్ దొరని భగీరథుడని తలుచుకునే సంస్కృత శ్లోకం చదువుతూ మునకలేసేవారు. రోజూ గోదావరి స్నానం చేసే పుణ్యం మాకు ఇచ్చినవాడని ఆ శ్లోకం భావం. చలికాలంలో ఆ గొంతు వణుక్కుంటూ వినపడితే అయిదు గంటలైందని మా ఇంట్లో లేచేవాళ్ళు.

రేవుకి వేళలుండేవి. ఎవరూ రాసిపెట్టలేదు, అందరికీ తెలుసు. చీకటి వేళ మగవాళ్ళు. తరవాత పొలాలకెళ్ళేవాళ్ళు. కాస్త ఎండెక్కాక ఆడవాళ్ళు, బట్టల మూటలతో. గేదెలకి వేరే రేవు, దిగువన. ఆడవాళ్ళ రేవులో మూడో మెట్టు మీద చిన్న గుంట ఒకటుండేది. మా తాతల కాలంనించి ఎందరు ఆడవాళ్ళు ఆ రాయి మీద పసుపుకొమ్ము అరగదీశారో, అరచేయంత గుంట పడింది. వర్షాకాలంలో కాలువ ఎర్రగా పొంగి ఆ మెట్టు మునిగిపోయేది. నీళ్ళు తీశాక చూస్తే గుంటలో పసుపురంగు అలాగే ఉండేది. నేను మొదటిసారి పసుపు రాసుకున్నది ఆ గుంటలో నూరుకునే.

వేసవిలో కాలువలు కట్టేసేవారు. అప్పుడు నుయ్యి. చేద వేస్తే పదడుగుల్లో నీళ్ళు తగిలేవి. నూతి చప్టా మీద కూర్చుని, ఒకళ్ళు తోడి పోస్తుంటే ఇంకొకళ్ళం పోసుకునేవాళ్ళం. పిల్లలం ఆరుగురం. ఒక్కొక్కరికి పదేసి చేదలు పడేవేమో, లెక్కపెట్టినవాళ్ళు లేరు. నీళ్ళు చప్టా మీంచి జారి అరటి మొక్కల్లోకి, అక్కణ్ణించి కొబ్బరి పాదుల్లోకి పోయేవి. పెరడంతా ఎప్పుడూ తడి.

ఆదివారం తలంటు మా మామ్మ చేతిమీదుగా జరిగేది. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద రాగి కాగు. కింద కొబ్బరి మట్టలు, డొక్కలు, చిప్పలు. కొబ్బరి పీచు అంటుకుంటే గుప్పున లేచే వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు నెత్తిమీద వేణ్ణీళ్ళు పడ్డట్టే ఉంటుంది. ముందు నూనె పెట్టి మాడు మీద అరచేత్తో టపటపా కొట్టేది. ఒంటికి సున్నిపిండి. కుంకుడుకాయలు రోటి దగ్గర బండ మీద చితక్కొట్టి, గింజలు తీసేసి, మరిగే నీళ్ళలో నానేసి, పిసికి, పిప్పి తీసేసి ఆ రసం పోసేది. మామ్మ దగ్గరకి పిలవగానే మేం మొదట చేసే పని నోరు తెరవడం. నాలిక మీద ఉప్పుకల్లు ఒకటి వేసేది. కుంకుడు రసం కళ్ళలో పడినా మండదని. మండేది. కానీ ఉప్పు చప్పరించే ధ్యాసలో ఏడుపు కొంచెం ఆలస్యంగా మొదలయ్యేది. అన్నీ అయ్యాక ఆఖరి చెంబు నీళ్ళు తలచుట్టూ తిప్పి, "శ్రీరామరక్ష" అంటూ నెత్తిన పోసి, వెంటనే చీరచెంగుతో ముఖం తుడిచేది. తరవాత నిప్పుల్లో సాంబ్రాణి వేసి, పైన బుట్ట బోర్లించి, దాని మీద మా జుట్టు ఆరబోసేది.

ఇలాంటి ఇంటినించి వెళ్ళాను నేను.

జాలాడి అంటే మా అత్తారింట్లో వంటింటి మూల రెండడుగుల గోడ కట్టి, నాపబండ పరిచిన చోటు. పక్కన రాతి తొట్టి. బండకి ఓ మూల బెజ్జం, దానిలోంచి నీళ్ళు గోడ అవతల కరివేపాకు చెట్టు పాదులోకి పోయేలా చిన్న కాలవ తీసి ఉంది. తొట్టినిండా నీళ్ళున్నాయి. అండాలో ఉడుకు నీళ్ళున్నాయి. ఎండలకి, ప్రయాణం బడలికకి ఒళ్ళంతా జిడ్డు. నేను మా నూతి దగ్గర పోసుకున్నట్టే పోసుకున్నాను. సబ్బు రుద్దితే నురగ రాలేదు. ఎంత రుద్దినా తెల్లగా చెక్కులు చెక్కులుగా ఒంటికి అంటుకుంటోంది. అది పోవాలని ఇంకా పోసుకున్నాను. బయటికొచ్చేసరికి తొట్టి అడుగు కనపడుతోంది.

ఎవరూ ఒక్కమాట అనలేదు. అత్తయ్య తొట్టిలోకి చూసింది, నా తడిజుట్టు చూసింది, "తల బాగా తుడుసుకో, జలుబు సేస్తాది" అంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దవాళ్ళంతా నడుం వాల్చారు. మిట్టమధ్యాహ్నపు ఎండ. కిటికీలోంచి చూస్తే మా అత్తయ్య నెత్తిన ఓ కడవ, చంకలో ఓ కడవ పెట్టుకుని వస్తోంది. ఆవిడ వెనక మా ఆడపడుచు, అలాగే. ఊరి బావి ఇంటికి చాలా దూరం. ఆ వేసవి అందులో కూడా నీళ్ళు అడుగున ఉన్నాయి, చాంతాడు ఎంత వదిలినా అందేది కాదు. వచ్చి తొట్టిలో పోసి మళ్ళీ వెళ్ళారు. నాలుగు తిరుగుళ్ళు తిరిగారు. పొద్దున్న నేను పోసుకున్నది ఇంటిల్లిపాదికీ ఆ రోజు నీళ్ళు. మూడో తిరుగుడుకి నేనూ ఓ కడవ తీసుకుని బయల్దేరాను. కొత్తకోడలు రాకూడదన్నారు. అయినా వెళ్ళాను. దారిలో ఏడ్చాను కూడా. అత్తయ్య చూడనట్టే నడిచింది.

మర్నాడు పొద్దున్నే జాలాడి దగ్గరికి పిలిచింది. "ఒక మనిషికి ఒక కడవ సాలు పాపా. రా, సూపిస్తా."

ఆ రోజు ఆవిడ నాకు స్నానం చేయించింది. బండ మీద గొంతుక్కూర్చోమంది. ఒక చెంబు నీళ్ళు పాదాలనించి మొదలుపెట్టి పైకి, మోకాళ్ళు, నడుం, భుజాలు, చేత్తో అద్దుతూ తడిపింది. రెండో చెంబు నీళ్ళు మెడ వెనకనించి సన్నటి ధారగా వదిలింది. వీపంతా ఒకేసారి తడిసింది, ఒక్క చుక్క పక్కకి పోలేదు. నా సబ్బు పక్కన పెట్టేసి, సీకాయపొడి, పెసరపిండి కలిపి ఇచ్చింది. రుద్దుకున్నాక ఒంటిమీద ఉన్న పిండిని ముందు తడిచేత్తో కిందికి నిమిరింది, ఆ తరవాతే నీళ్ళు పోసింది. మా ఊళ్ళో పిండి వదలాలంటే నీళ్ళు గుమ్మరించడమే తెలుసు. ముందు చెయ్యి, తరవాత నీళ్ళు అనేది అక్కడే నేర్చుకున్నాను. కడవలో ఇంకా రెండు చెంబులు మిగిలాయి. ఆ మిగిలినవాటిని ఒక్కసారిగా నెత్తిమీదనించి దిమ్మరించింది. "ఇది మనసుకి" అంది.

ఆవిడ బడికి వెళ్ళలేదు. కానీ నా సబ్బు ఎందుకు నురగ రాలేదో ఆవిడకి తెలుసు. "ఇవి సప్పటి నీళ్లు కాదు పాపా, ఉప్పునీళ్లు. సబ్బుకి పడవు. సీకాయకి పడతాయి." చాలా ఏళ్ళ తరవాత మా అబ్బాయి కెమిస్ట్రీ పుస్తకంలో చదివాను. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువుంటే సబ్బు వాటితో కలిసి తెల్లటి తెట్టుగా విరిగిపోతుంది, నురగ రాదు. కుంకుడు, సీకాయల్లో నురగనిచ్చే పదార్థం వేరు. దాన్ని సాపోనిన్ అంటారు. కఠినజలంలో కూడా అది పనిచేస్తుంది. పుస్తకం ఆవిడకి చదివి వినిపిస్తే, "అదే కదా నేను సెప్పింది" అంది.

అనంతపురం జిల్లాలో సాలుకి పడే వాన 550 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. అదీ పడాల్సిన నెలలో పడితే. ఆ అంకె నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా, అక్కడ పొలంనించి వచ్చిన మనిషి సాయంత్రమే నీళ్ళు పోసుకుంటాడని. మా కోనసీమలో స్నానమంటే తెల్లవారుజామున, దేవుడి కోసం. ఇక్కడ పొద్దంతా శెనక్కాయ చేలో ఎర్రమట్టిలో పనిచేసి వచ్చినవాళ్ళకి పొద్దుగూకాక ఉడుకు నీళ్ళు. అండా కింద కందికట్టె పుల్లలు. ఉన్న ఒక్క స్నానం ఒంటికి ఎప్పుడు అవసరమో అప్పుడే చేస్తారు. పండగలకి, మొక్కుబడులకి మాత్రం పొద్దున్నే. రథసప్తమికి అత్తయ్య గట్టుమీంచి జిల్లేడాకులు ఏడు కోసుకొచ్చి రేగుపండుతో నెత్తిన పెట్టినప్పుడు నాకు మా మామ్మే గుర్తొచ్చింది. ఆకులు అవే, లెక్క అదే. పైన పడ్డ నీళ్ళు మాత్రం రెండు చెంబులు.

పుట్టింటికి వెళ్ళినప్పుడు మా అమ్మతో ఇదంతా చెప్పాను. పక్కింటావిడ వింటూ, "అయ్యో, అక్కడివాళ్ళు సరిగ్గా స్నానాలు కూడా చెయ్యరటగా" అంది. నాకు ఒళ్ళు మండింది. ఆ మాట ఆ తర్వాత కూడా ఎన్నో చోట్ల, ఎన్నో రకాలుగా, చదువుకున్నవాళ్ళ నోట కూడా విన్నాను. ఇప్పటికీ విన్నప్పుడల్లా అంతే కోపం వస్తుంది. రెండు చెంబుల్తో చెవి వెనక మురికి కూడా లేకుండా ఒళ్ళు కడుక్కోవడం ఎంత పనితనమో, నీళ్ళున్నవాళ్ళకి తెలీదు. మా కాలువ పక్కన పుట్టినవాళ్ళం శుభ్రంగా ఉన్నామంటే అందులో మా గొప్పేం లేదు, ఆనకట్ట గొప్ప.

1983లో బాబు పుట్టినప్పుడు అత్తయ్య మొదటిసారి మా ఊరొచ్చింది. ఉయ్యాల్లో మనవణ్ణి చూసుకున్నాక, సాయంత్రం నేను రేవుకి తీసుకెళ్ళాను. కాలువ నిండుగా పోతోంది. మెట్ల మీద చాలాసేపు నిలబడింది. తరవాత వంగి అరచేత్తో నీళ్ళు తీసుకుని కళ్ళకద్దుకుంది.

"ఈ నీళ్లు యాడికి పోతాయి పాపా?"

"పొలాలకి అత్తయ్యా. మిగిలినవి సముద్రంలోకి."

"మిగిలినవా" అంది. ఇంకేం అనలేదు.

మర్నాడు స్నానానికి వచ్చి నీళ్ళలోకి దిగలేదు. మూడో మెట్టు మీద, ఆ పసుపు గుంట పక్కన కూర్చుని, చెంబుతో ముంచుకుని, పాదాలనించి మొదలుపెట్టి పోసుకుంది. రేవులో ఉన్న ఆడవాళ్ళు వింతగా చూశారు. మా మామ్మ మాత్రం ఎవరినీ ఏమీ అననివ్వలేదు. తను కూడా వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని, వీపు రుద్దింది. ఇద్దరి యాసలూ ఒకరికొకరికి సగమే అర్థమయ్యేవి. కానీ వీపు రుద్దడానికి భాషేం కావాలి, ఆ పది రోజులూ రేవుకి కలిసే వెళ్ళారు.

మావారి బదిలీల్లో నాకు బాగా గుర్తున్నది పాలక్కాడు. 1989 నించి మూడేళ్ళున్నాం. అక్కడ ఇంటింటికీ బావి. మా ఇల్లుగల పెద్దావిడని అందరూ అమ్మమ్మ అనేవారు, నేనూ అలాగే పిలిచాను. పొద్దున్న ఆవిడ మొదటి మాట "కుళిచ్చో?" అని. సాయంత్రం అయిదున్నరకి మళ్ళీ అదే మాట. సంధ్యదీపం పెట్టేలోగా రెండో స్నానం అయిపోవాలి. రెండుపూటలా స్నానమంటే మాకు ఎండాకాలం మాట, వాళ్ళకి అది భోజనం లాంటిది. కేరళలో ఏడాదికి సగటున మూడువేల మిల్లీమీటర్ల వాన పడుతుంది, మా అత్తారి ఊరికి అయిదింతల పైమాటే. మొదటి నెలంతా సాయంత్రం బావిలో తొట్టి వేసిన ప్రతిసారీ అత్తయ్య నెత్తిమీద కడవ కళ్ళకి కట్టేది.

అమ్మమ్మ కుటుంబానికి ఊళ్ళో సొంత కుళం ఉండేది, అంటే మెట్లు కట్టిన చెరువు. పక్కనే పెంకుటి స్నానాల గది, దాంట్లోంచి నేరుగా నీళ్ళలోకి దిగొచ్చు. సెలవుల్లో పిల్లల్ని, నన్ను తీసుకెళ్ళేది. ఒంటికి నూనె రాసుకుని అరగంట ఆగాలి. ఒళ్ళు తోముకోవడానికి ఇంజ అని చెట్టుబెరడు పీచు ఇచ్చింది. మా ఇంట్లో ఎండిన బీరకాయ పీచు వాడేవాళ్ళం, ఇది దానికంటే గరుకు, తడిపితే కొంచెం నురగొస్తుంది. తలకి తాళి. మందారాకులు నీళ్ళలో నలిపితే వచ్చే జిగురు అది. తలంతా చల్లబడిపోతుంది. మా పెరట్లో ఎర్రమందార చెట్టు ఉండేది, పూలు దేవుడికి కోసేవాళ్ళం తప్ప ఆకుల్తో తల రుద్దుకోవచ్చని మాకు తోచలేదు. తోర్తు అనే పల్చటి తుండుతో తుడుచుకోవాలి. మా లావుపాటి తువ్వాళ్ళు ఆ చెమ్మగాలిలో ఆరవు, ముక్కవాసన వస్తాయి. తోర్తు దణ్ణెం మీద వేస్తే కాసేపట్లో ఆరిపోతుంది. ఒళ్ళు తుడుచుకున్నాక నడినెత్తిన చిటికెడు రాస్నాది పొడి పెట్టి రుద్దేది, జలుబు చెయ్యదని. ఆడపిల్లలు తడిజుట్టు విరబోసుకుని, రెండు పక్కలనించీ సన్నటి పాయలు తీసి వెనక చిన్న జడలా అల్లుకునేవారు. దాన్ని కుళిపిన్నల్ అంటారు. అంటే స్నానపు జడ. స్నానానికంటూ ఓ జడ ఉన్న ఊరు మరోటి నేను చూడలేదు.

పక్కింట్లో తమిళ కుటుంబం. ఆ మామి మంగళవారం, శుక్రవారం నువ్వులనూనె పెట్టుకుని తలంటుకునేది. వాళ్ళాయన బుధవారం, శనివారం. మాకు మంగళవారం ఆడవాళ్ళు తలమీద నీళ్ళు పోసుకోకూడదు. ఆవిడ మంగళవారం పొద్దున్న తడిజుట్టుతో ముగ్గేస్తుంటే నాకు మొదట్లో గుండె దడదడలాడేది. దీపావళి తెల్లవారుజామున తలుపు కొట్టి, "గంగాస్నానం ఆచ్చా?" అని నవ్వుతూ అడిగింది. ఆ రోజు వాళ్ళు ఎవరు ఎదురైనా పలకరించుకునేది అలాగే. ఇంట్లో కాగు నీళ్ళే ఆ ఒక్కపూట గంగ.

మావారి స్నేహితుడిది కర్ణాటకలో మలెనాడు, సాగర దగ్గర పల్లె. ఓసారి దీపావళికి పిలిస్తే వెళ్ళాం. అక్కడ స్నానాల గదిని బచ్చలుమనె అంటారు. మా అత్తారి వైపు కొందరి ఇళ్ళలో బచ్చలి అనడం విన్నాను కాబట్టి మాట కొత్త కాదు, గది కొత్త. పొయ్యిలోనే కట్టేసిన పెద్ద రాగి హండె, మంట బయటినించి పెట్టాలి, గదంతా పొగచూరి నల్లగా, వెచ్చగా ఉంది. పొయ్యిలోకి వక్కకాయల తొక్కలు. నరకచతుర్దశి ముందురోజు వాళ్ళకి నీళ్ళు నింపే పండగ. హండెని చింతపండుతో తోమి, మెడలో ఓ అడవితీగ చుట్టి, బొట్లు పెట్టి, బావినించి తెచ్చిన నీళ్ళు పోసి దణ్ణం పెట్టారు. ఆ వెచ్చటి చీకట్లో మర్నాడు చేసిన తలంటు నా ఒంటికి ఇంకా గుర్తుంది. కొబ్బరిచిప్పలూ, కందికట్టె, వక్కతొక్కలూ. ఎక్కడ ఏ పంట పండితే దాని చెత్తతోనే అక్కడి నీళ్ళు కాగుతాయని ఆ ఇంట్లో కూర్చుని అనుకున్నాను.

కలకత్తాలో ఏడాదే ఉన్నాం. ఆవనూనె వాసన తప్ప ఎక్కువ చెప్పడానికి లేదు. స్నానానికి ముందు ఒళ్ళంతా ఆవనూనె, భుజాన గంఛా అనే ఎర్రగళ్ళ తుండు.

నల్గొండలో మళ్ళీ సబ్బు నురగ రాలేదు. నాకు ఆ తెల్ల చెక్కులు చూడగానే పాత చుట్టం కనపడ్డట్టయింది. కుంకుళ్ళ డబ్బా బయటికి తీశాను. అక్కడ పెరట్లో గోలెం నిండా నీళ్ళు, పక్కన బండ. పక్కింటి అక్క "తానం జేసినవా?" అని అడిగేది. వాళ్ళ చంటిపాపకి ఉడుకునీళ్ళు పోస్తాననగానే మొదటిసారి నేను గాభరాపడ్డాను. మాకు ఉడకడమంటే అన్నం ఉడకడమే, ఒంటికి పోసేవి వేణ్ణీళ్ళు. అత్తారింట్లో కూడా అదే మాట విన్నా, పసిపిల్ల ముందు ఆ మాట వినేసరికి చెయ్యి అడ్డం పెట్టబోయాను. ఆవిడ నవ్వి తన మోచెయ్యి నీళ్ళలో ముంచి చూపించింది. ఆ పాపని కాళ్ళు చాపుకుని వాటిమీద బోర్లా పడుకోబెట్టుకుని, వీపున నీళ్ళు పోస్తూ, ముక్కు, తల సాగదీస్తుంటే నేను పక్కన కూర్చుని చూశాను. మా బాబుకి మామ్మ పోసింది అలాగే. పాలక్కాడులో అమ్మమ్మ మనవరాలికి పోసింది అలాగే. పెద్దయ్యాక మనుషుల స్నానాలు ఎన్ని రకాలుగా వేరైనా, నేను చూసిన ఊళ్ళన్నిటిలో చంటిపిల్లలకి చాపిన కాళ్ళే స్నానపుపీట.

2003 గోదావరి పుష్కరాలకి అత్తయ్యని మా వాళ్ళతో కోటిపల్లి తీసుకెళ్ళాం. ఇరవై ఏళ్ళ కిందట మెట్టు మీదనించి దిగని మనిషి, ఆ రోజు నా చెయ్యి గట్టిగా పట్టుకుని గొంతులోతు నీళ్ళలోకి వచ్చి మూడు మునకలు వేసింది. పైకి లేచి, ఊపిరి తీసుకుని, "మీ మామ్మ ఉంటే బాగుండు" అంది.

ఆవిడ చివరి మూడేళ్ళు హైదరాబాదులో మా దగ్గరే ఉంది. అపార్టుమెంటులో మూడో అంతస్తు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. రోజూ నేనే స్నానం చేయించేదాన్ని. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టి, గీజరు నీళ్ళు బకెట్లో తొరిపి, పాదాలనించి మొదలుపెట్టి చేత్తో అద్దుతూ తడిపేదాన్ని. మెడ వెనకనించి సన్నధారగా వదిలేదాన్ని. ఆవిడ నా చేతిని కళ్ళతోనే గమనిస్తూ ఉండేది, పరీక్ష పెట్టినట్టు. మూడో చెంబుకి "సాలు పాపా, సాలు" అనేది. ఆ వేసవి మా అపార్టుమెంటుకి నీళ్ళ ట్యాంకర్లు వచ్చేవి. తెల్లవారుజామున కింద ట్యాంకరు మోటారు చప్పుడుకి లేచి, "ఎన్ని కడవలు వచ్చినాయి?" అని అడిగేది.

ఒకరోజు ఒళ్ళు తుడుస్తుంటే గదిమూల జాలీ వైపు చూస్తూ అంది. "ఈ నీళ్లు యాడికి పోతాయి పాపా?"

కాలువ రేవులో అడిగిన మాటే. అప్పుడు సముద్రంలోకి అని చెప్పాను. ఇప్పుడు "డ్రైనేజీలోకి అత్తయ్యా" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు.

మర్నాటినించి స్టూలు కింద వెడల్పాటి తొట్టి ఒకటి పెట్టాను. సబ్బు మానేసి మళ్ళీ సీకాయపొడి, పెసరపిండి కలిపాను. స్నానమయ్యాక ఆ నీళ్ళు మోసుకెళ్ళి బాల్కనీలో కుండీలో ఉన్న కరివేపాకు మొక్కకి పోస్తుంటే, ఆవిడ తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని, తడిజుట్టు మీద తువ్వాలు కప్పుకుని చూసేది. మొక్క అప్పటికి జానెడుంది. ఎండకి ఒకపక్క ఆకులు పసుపెక్కాయి. కుడిచెయ్యి ఎత్తి అటువైపు చూపించి, "ఆ పక్కకి ఇంగొక చెంబు పొయ్యి పాపా" అనేది.